బుచ్చవ్వ అడిగిన రెండంకెలు

దేవదాసు రైల్వేలో ముప్పై ఒక్క ఏళ్లు కీమాన్‌గా చేసి దిగిపోయాడు. అది కుర్చీలో కూర్చుని చేసే కొలువు కాదు. భుజాన సుత్తి, చంకలో రెండు జెండాలు పెట్టుకుని తెల్లారేసరికి పట్టా ఎక్కాలి. తనకు అప్పజెప్పిన ఆరు కిలోమీటర్లూ ఒక్కో బిగింపు చూసుకుంటూ నడవాలి, వదులైన చోట కొట్టి బిగించాలి, మళ్లీ అదే దారిన వెనక్కి రావాలి. డోర్నకల్ జంక్షన్ మీదుగా సగం దేశం అటూ ఇటూ పోయింది కానీ ఆయన మాత్రం ఆ ఆరు కిలోమీటర్లు దాటింది లేదు. నడిచిందంతా కలిపితే భూమిని రెండున్నర చుట్లు చుట్టినట్టు. ఎవరైనా ఆ మాట అంటే, "అయితే ఏడికి చేరిన మరి?" అని నవ్వేవాడు.

ఆదివారం ఆయనకు ఇంకో కొలువుండేది, జీతం లేనిది. వాళ్ల ఊరు డోర్నకల్‌కు కూతవేటు దూరం. ఊళ్లో ఏసుప్రభువు గుడి ఉంది, చిన్నది, పెంకులు పోయి రేకులు పడ్డాయి. లోపల పీఠం పక్కన గోడకు ఒక చెక్క బోర్డు. ఆనాడు పాడబోయే కీర్తనల నంబర్లు అయ్యగారు కాగితం మీద రాసిస్తే, అంకెల రేకులు ఏరి బోర్డు గాడిలో పేర్చడం దేవదాసు పని. ఆ ఊళ్లలో కీర్తనను ఎవరూ పల్లవితో చెప్పరు, నంబరుతో చెబుతారు. "అరవై నాలుగు అందుకో" అంటే ముసలీ ముతకా అందరూ ఒక్కసారే అందుకుంటారు. బయటివాళ్లకు వింతగా ఉంటుంది కానీ వాళ్లకది అన్నం తిన్నంత మామూలు.

ఆయన భార్య బుచ్చవ్వకు అక్షరం ముక్క రాదు. నాట్లకూ మిరప ఏరడానికీ కైకిలి పోయే మనిషి, బడి మొహం చూసింది లేదు. కానీ ఆదివారం ఆదివారం ఆ బోర్డును చూసి చూసి అంకెలన్నీ పట్టేసింది. తన పేరు రాసి చూపిస్తే అవేవో గీతలనేది. ముప్పై ఏడు రాసి చూపిస్తే పాట ఎత్తుకునేది. పుస్తకంలో మొదటి నూరు కీర్తనలూ ఆమెకు నోటికి వచ్చు, అన్నీ నంబర్లతో సహా.

మొగుడూ పెళ్లాల మధ్య కూడా అవే నంబర్లు నడిచేవి. ఆయన డ్యూటీ దిగి ఆలస్యంగా వస్తే వాకిట్లోనే అందుకునేది, "ఇయ్యాల ఈయనకు యాభై ఎనిమిది పాడాలె" అని. అది తప్పు ఒప్పుకుని దేవుడి కాళ్ల మీద పడే కీర్తన. కూర కుదిరిన రోజు ఆయన "పన్నెండు" అనేవాడు, అది స్తోత్రం. కోపాలూ సరసాలూ అన్నీ రెండంకెల్లో తేలిపోయేవి. పక్కింటి దుర్గమ్మ, "మీ ఇంట్ల లొల్లి గూడ ఎక్కాలు సదివినట్టే ఉంటది" అని ఎగతాళి చేసేది.

వాటిలో ముప్పై ఏడు బుచ్చవ్వ సొంతం. పొద్దుగూకే వేళ తప్పిపోయిన గొర్రెను కాపరి పేరు పెట్టి పిలుచుకుంటూ వెదికే పాట అది. ఆమె గొంతు గొప్పదేమీ కాదు, కొంచెం బొంగురు. అయినా నాట్లలో ఆమె ముప్పై ఏడు ఎత్తుకుంటే గట్టు మీద నిలబడి తొందరపెట్టే ఆసామి కూడా కాసేపు నోరు మూసుకునేవాడు.

పోయిన ఎండాకాలం ఆమె కిడ్నీలు పాడయ్యాయి. దవాఖానలో మంచం మీద ఒక సాయంత్రం మొగుణ్ని దగ్గరికి రమ్మంది. కూతురి పేరు మీదే ఆయన్ను పిలిచేది.

"అఖిల నాయినా, నా సమాధి బండ మీద పేరు రాయించకు."

"మరేం రాయించాలె?"

"ముప్పై ఏడు. పేరు రాస్తే నాకు సదువ రాదు. ఆఖరి దినం దేవుడు సచ్చినోళ్లను లేపిన్నాడు లేసి సూసుకుంటే నా జాగ ఏదో నాకెట్ల ఎరుకయితది? అంకెలయితే గుర్తుపడత."

"లేపినంక పైకి పోవుడే గదనే. బండ సూసుకుంట కూసుంటవా?"

"కూసుంట. నువ్వు లేసి వచ్చేదాంక ఆడ్నే కూసుంట. నీది మెల్లగ నడుసుడు."

ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు. చేతిలో చెయ్యి వేయించుకుని మాట తీసుకుంది. పది రోజులకు, మిరుగు వానలు ఇంకా పడకముందే, పోయింది. బండకయ్యే డబ్బు కూడా ఆయనకు బరువు కాకుండా తన కైకిలిలోంచే దాచి, గుడ్డసంచిలో మూటగట్టి ట్రంకుపెట్టె అడుగున పెట్టి పోయింది. అది బండదని, దాన్ని ముట్టుకోవద్దని చెప్పి మరీ పోయింది.

కొత్త మట్టి మీద బండ పరిస్తే కుంగిపోతుంది. అందుకని ఒక వానకాలం పోనిచ్చి, మట్టి గట్టిపడ్డాక, నవంబరు రెండున సమాధుల పండుగ నాటికి బండ పెడతారు. ఆనాడు ఊరంతా సమాధులకు సున్నాలు వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తుంది. అప్పటికీ బండ పడని మట్టికుప్ప దిక్కులేని మనిషిదని లెక్క. అంటే దేవదాసు చేయాల్సిందల్లా ఐదు నెలలు ఆగడం. ముప్పై ఒక్క ఏళ్లు ఒక్క బిగింపు వదులు కానివ్వని మనిషి, ఆ ఐదు నెలలు ఆగలేకపోయాడు.

ఆగస్టులో ఫోన్ రీచార్జి చేయించుకుందామని డోర్నకల్ స్టేషన్ రోడ్డులో మహేందర్ దుకాణానికి వెళ్లాడు. ముందు గదిలో ఫోన్లు, కవర్లు, చార్జర్లు. వెనక గదికి పరదా. ఇల్లంతా రెండు నెలలుగా మూగబోయి ఉన్న మనిషికి ఆ పరదా వెనక నుంచి వినపడింది: "పన్నెండు... అరవై నాలుగు... ముప్పై ఏడు..."

దేవదాసు పరదా తీసి లోపలికి వెళ్లాడు. గోడకు టీవీ, దాని ముందు ఏడెనిమిది మంది. టీవీలో గుండ్రటి బంతులు ఒక్కొక్కటే పడుతుంటే మహేందర్ నంబర్లు పైకి చదువుతున్నాడు. ఒక్కో నంబరుకూ దేవదాసు తలలో ఒక్కో పాట లేచింది. ఇరవై నంబర్లు, ఇరవై పాటలు, అన్నీ బుచ్చవ్వ గొంతులోనే. బెంచీ చివర కూర్చున్నాడు. మళ్లీ ఇరవై పడ్డాయి. మళ్లీ కూర్చున్నాడు. ఇంటికి వచ్చాక గాని రీచార్జి సంగతి గుర్తు రాలేదు.

ఆ ఆట పేరు కీనో అని మహేందర్ చెబుతాడు. ఆడేవాళ్లు ఎనభై అంటారు. ఒకటి నుంచి ఎనభై దాకా నంబర్లు. మనం పది రాసి చీటీ తీసుకోవాలి. ఆటలో ఇరవై పడతాయి. ఐదారు కలిస్తే చిల్లర, ఏడెనిమిది కలిస్తే మరికొంత. పదికి పదీ కలిస్తే జాక్‌పాట్. ఆ జాక్‌పాట్ ఎంతో టీవీ పైమూల ఎర్ర అంకెల్లో కనపడుతుంది. ఎవరూ గెలవనంత కాలం అది పెరుగుతూనే ఉంటుంది. ఎందుకు పెరుగుతుందంటే, ఓడినవాడి చీటీ డబ్బులోంచి పిడికెడు తీసి దాంట్లోనే పోస్తారు గనుక. అంటే ఓడినవాడికి తన సొమ్మునే చూపించి ఊరించడమన్నమాట. ఇంతకన్నా తెలివైన దోపిడీ ఇంకొకటి ఉంటుందా అని అక్కడ కూర్చున్న ఎవడికీ తోచలేదు. "గోవాల ఓడ మీద కాసినోల ఆడే షావుకార్లు, మనం, అందరిదీ ఒక్కటే ఆట" అనేవాడు మహేందర్. ఆ ఓడను చూసినవాడు లేడు. మన రాష్ట్రంలో ఇలాంటి ఆటలకు చట్టం ఒప్పుకోదు. ఆ పరదా ఎందుకో చిన్నపిల్లాడికైనా అర్థమవుతుంది.

మూడో నాడు మహేందర్ అన్నాడు, "ఉత్తగ కూసుంటే ఎట్ల తాతా, ఒక్క చీటీ రాయి."

బెంచీ అద్దె అనుకుని రాశాడు దేవదాసు. ఏ నంబర్లంటే ఇంకేం రాస్తాడు, బుచ్చవ్వ ఎక్కువగా పాడే పదీ రాశాడు. ఆనాడు ఆరు కలిశాయి. వచ్చింది తక్కువే గాని ఆయన ఆ నోట్లు పట్టుకుని నేరుగా సమాధుల తోటకు పోయాడు. తడి మట్టికుప్ప ముందు నిలబడి, "నువ్వే పంపినవా?" అని అడిగాడు. అడిగినవాడే జవాబూ చెప్పుకున్నాడు. ఆయన చేసిన తప్పు అది. ఊళ్లో తాగుబోతు కూడా చేయని తప్పు. వేరేవాళ్లకు నంబరంటే నంబరే, ఇవాళ కలవకపోతే రేపు మార్చేస్తారు. దేవదాసుకు అవి పెళ్లాం మాటలు. మార్చడం ఎలా? ఒకరోజు మానేయడం ఎలా? మానిన రోజే పదీ పడితే, ఆమె పిలిచినప్పుడు తను పలకనట్టే కదా.

మొదట పింఛను డబ్బుతో ఆడాడు. ఒకసారి ఎనిమిది కలిశాయి, దాంతో నాపరాయి ఆలోచన పోయి నల్ల గ్రానైటు వచ్చింది మనసులోకి. తర్వాత గ్రానైటు మీద సిలువ, పక్కన రెక్కల దేవదూత. బండ మనసులో పెద్దదైన కొద్దీ ట్రంకులో మూట చిన్నదైంది. నిండా మునిగినవాడికి చలేమిటి, సెప్టెంబరు చివరికి గుడ్డసంచి మడిచి ఖాళీ ట్రంకులో పెట్టాడు.

ఈలోపు దుకాణంలో ఆయన పేరు మారిపోయింది. బంతులు పడుతున్నంతసేపూ "ముప్పై ఏడు, ముప్పై ఏడు" అని గొణుక్కునేవాడు కాబట్టి ముప్పై ఏడు తాత అయ్యాడు. నంబర్లు కీర్తనలవని కూడా ఆయన నోటితోనే బయటపడింది. ఇక చూడండి, ఆదివారం గుడికి ఎన్నడూ రాని కుర్రకారు వచ్చి బోర్డును ఫోన్లో ఫొటో తీసుకుని పోవడం మొదలైంది. రెండు వారాలు చూసి చంద్రమోహన్ అయ్యగారు ఆయన్ను పక్కకు పిలిచారు.

"దేవదాసూ, నంబర్లు ఇగ నేనే నోటితోని చెప్త. బోర్డు కొన్ని దినాలు తీసి పెడదాం."

"వందనాలు అయ్యగారూ" అని, అంకెల రేకుల సంచీ ఆయన చేతికి ఇచ్చి వచ్చేశాడు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. ఇరవై ఎనిమిదేళ్ల పని అంత మెత్తగా పోయింది.

నవంబరు రెండున కూతురు అఖిల మహబూబాబాద్ నుంచి వచ్చింది. అక్కడ అంగన్‌వాడీ టీచరు. పూలూ కొవ్వొత్తులూ పట్టుకుని తోటలోకి పోయి చూస్తే, తెల్లగా సున్నం కొట్టిన సమాధుల మధ్య అమ్మది ఒక్కటే మట్టికుప్ప. వానకు సగం నేలమట్టమై, మీద గరిక మొలిచింది.

"నాయినా, బండ ఏది?"

"వస్తది బిడ్డా. గ్రానైటుదే వస్తది. మీద దేవదూత బొమ్మ గూడ ఉంటది."

"పైసలు ఏవి?"

దేవదాసు నేల చూశాడు. "జాక్‌పాట్ మస్తు పెరిగింది బిడ్డా. ఇయ్యాలో రేపో పడుతది. అన్నీ మీ అమ్మ నంబర్లే."

అఖిల చేతిలోని పూలు మట్టికుప్ప మీద పెట్టింది. మొగుడింటి ముచ్చట్లలో ఆ ఆట పేరు విన్నదే, ఎవరెవరి కొంపలు ఎలా కూలాయో విన్నదే. తండ్రి పేరు వాటిలో ఉంటుందని అనుకోలేదు.

"అమ్మ నిన్ను దేవదూతను అడిగిందా?" అంది. "ఒక్క బండ, దాని మీద రెండంకెలు. జిందగీ మొత్తంల గదొక్కటే అడిగింది."

కొవ్వొత్తి మట్టిలో గుచ్చి వెలిగించింది. గాలికి ఆరిపోతుంటే అరచేయి అడ్డుపెట్టుకుని, కరిగేదాకా అక్కడే కూర్చుంది. ఆ వంగిన వీపు చూసి దేవదాసు ఏడ్చాడు. పెళ్లాం పోయిన రోజు కూడా అంత ఏడవలేదు. మహేందర్ దుకాణం మెట్టు మళ్లీ తొక్కనని ఆ మట్టి మీద చెయ్యి వేసి చెప్పాడు. ఆ మాట మాత్రం నిలబెట్టుకున్నాడు.

రెండు వారాలకు అఖిల తన ఇంటి గచ్చుకు వేయగా మిగిలిన నాపరాయి ఆటోలో పంపింది. దేవదాసు ఉలీ సుత్తీ తీసుకుని తానే చెక్కాడు. మూడు, పక్కన ఏడు. జానెడు ఎత్తు అంకెలు, గుడి బోర్డు మీద ఉన్నట్టే గుండ్రంగా, దూరానికి కనపడేట్టు. గాడిలో నల్లరంగు పోశాడు. ఆలస్యమైతే అయింది, అడిగింది ఇచ్చానని ఆనాడు కడుపునిండా అన్నం తిన్నాడు.

కానీ పోయింది ఒకటి తిరిగి రాలేదు. బండ దగ్గర కూర్చుని ముప్పై ఏడు పాడదామని నోరు తెరిస్తే మొదటి మాట అందలేదు. "ఈసారి గూడ పడలే తాతా" అనే మహేందర్ గొంతు వచ్చింది. ఇంకోనాడు ప్రయత్నించాడు, టీవీ బంతులు కనపడ్డాయి. క్రిస్మస్ ముందు ఆదివారం అయ్యగారు "ముప్పై ఏడో కీర్తన" అనగానే వెనక వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. గుడంతా పాడుతుంటే దేవదాసు పెదవులు మాత్రం కదిపాడు.

జనవరిలో ఒక పొద్దున తోటకు పోయేసరికి బండ మీద బంతిపూల దండ ఉంది. పక్కన అగరొత్తుల బూడిద, పగిలిన కొబ్బరి చిప్ప. అఖిల వచ్చిందేమో అనుకున్నాడు మొదట. కొబ్బరికాయ అఖిల ఎందుకు కొడుతుంది? దండ ఎత్తి చూస్తే కింద మడిచిన చీటీ. పది నంబర్లు, వాటిలో ముప్పై ఏడు చుట్టూ పెన్నుతో సున్నా.

వారం తిరగకుండా ఇంకో మూడు దండలు పడ్డాయి. పసుపు కుంకుమ పడింది. ఎవరో ఫొటో తీసి ఫోన్లలో తిప్పితే రఘునాథపల్లి నుంచి ఇద్దరు బండి వేసుకుని వచ్చి, ముసలమ్మ సమాధి ఎక్కడని దుర్గమ్మను అడిగి పోయారట. నంబరుతో పోయిన ముసలమ్మ అని ఒకరంటే, నంబరిచ్చే ముసలమ్మ అని ఇంకొకరు. తిలా పాపం తలా పిడికెడు అంటారు గాని ఇందులో పెద్ద పిడికిలి తనదేనని దేవదాసుకు తెలుసు.

ఒకనాడు మధ్యాహ్నం దండ పట్టుకుని వచ్చినవాణ్ని కళ్లారా చూశాడు. ఆటో నడిపే మోతీ, తండా మనిషి, మంచివాడు. బుచ్చవ్వను దవాఖానకు తీసుకుపోయింది అతని ఆటోలోనే. చెప్పులు దూరంగా విడిచి, బండకు దండం పెట్టి, దండ వేశాడు. దేవదాసును చూసి దగ్గరికి వచ్చాడు.

"అవ్వ దయ, తాతా. ముప్పై ఏడు పెట్టి ఆడితే ఎనిమిది కలిసినయి. పోరికి ఫీజు కట్టిన."

అతనిని ఏమని తిట్టాలి? నీళ్లు నిండిన కళ్లతో నిలబడ్డాడు మోతీ. దొంగ భక్తి కాదు. దేవదాసు తలూపాడు.

"జర ఒక్కటి అడుగుత, ఏమనుకోకు తాతా" అన్నాడు మోతీ గొంతు తగ్గించి. "అవ్వయి పది నంబర్లంట గద. కడమ తొమ్మిది ఏంది?"

దేవదాసు అతని మొహంలోకి చూశాడు. ఆ కళ్లలో ఎర్ర అంకెలు పెరుగుతూ కనపడ్డాయి. తన కళ్లు కూడా అలాగే ఉండి ఉంటాయి, అఖిల కొవ్వొత్తి పట్టుకుని నిలబడ్డ రోజున.

"యాది లేదు మోతీ" అన్నాడు. "ఆట ఇడిసిపెట్టు బిడ్డా. నేను ఆడి సూసిన."

మోతీ తలాడించాడు. మానేసేవాడి తలాడింపు కాదది.

అతను పోయాక దేవదాసు ఇంటికి వెళ్లి ఉలీ సుత్తీ తెచ్చాడు. బండ ముందు కూర్చున్నాడు. ఆ అంకెలుంటే బుచ్చవ్వకు నిద్ర ఉండదు, చీటీలు వస్తూనే ఉంటాయి, ఒక్కడు గెలిచి పదిమంది మునుగుతారు, మునిగినవాళ్లు రేపు వచ్చి శాపనార్థాలు కూడా ఆమెకే పెడతారు. అంకెలు లేకపోతే, లేపిన్నాడు లేచి చూసుకుని, గుర్తుపట్టక, ఎవరిదోలే అనుకుని పోతుంది. తన కోసం కూర్చోదు. రెండిట్లో ఏది చేసినా ఆమెకే అన్యాయం.

సుత్తి ఎత్తాడు. ఏడు ముందు పోయింది. నాపరాయి పొరలు పొరలుగా లేస్తుంది కాబట్టి కష్టం కాలేదు. మూడు మీదికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. ఆ తర్వాత అదీ పోయింది. గరుకు తేలిన బండ మీద, బడిలో ఐదో తరగతి దాకా నేర్చుకున్న అక్షరాలు ఒక్కొక్కటే చెక్కాడు. పొద్దు వాలేసరికి బుచ్చవ్వ అని మూడక్షరాలు. ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో ఆ పేరు ఆమెకు ఒక్కసారి కూడా దిద్దించాలని తోచలేదు. ఎన్ని ఆదివారాలు పోయాయి, ఎన్ని తీరిక సాయంత్రాలు పోయాయి. తోచలేదంతే.

ధూళి ఊదేసి, బండకు దగ్గరగా జరిగి కూర్చున్నాడు.

"సూడే బుచ్చీ" అన్నాడు. మొదటి అక్షరం మీద వేలు పెట్టి నెమ్మదిగా తిప్పాడు. "గిది బు. మొదలు గిట్ల గుండ్రంగ వచ్చి, పక్కకు కొమ్ము. గిది చ్చ. ఒక చ, దాని కింద చిన్న చ. గిది వ్వ. వ కింద గూడ అట్లనే చిన్నది. మూడే. నువ్వు అంకెలు జెల్ది నేర్సుకున్నవ్ గద, గివి గూడ వస్తయి."

ఇప్పుడు దండలు రావడం లేదు. పేరున్న సమాధులు తోటలో ఎన్నో ఉన్నాయి, దీన్ని ఎవరూ పట్టించుకోరు. దేవదాసు మాత్రం రోజూ పొద్దుగూకే వేళకు పోతాడు. మూడక్షరాల మీదా వేలితో మూడుసార్లు దిద్దుతాడు, పైకి పలుకుతాడు. పాట ఇంకా రాలేదు. పేరు పెట్టి పిలవడం మాత్రం చేతనవుతుంది. ఆమెకు ఎంతవరకు వచ్చిందో ఆయనకు తెలియదు, అందుకని మర్నాడు మళ్లీ బు దగ్గర మొదలుపెడతాడు.